సోయాచిక్కుడు విత్తన నాణ్యత – పొటాష్ పాత్ర: ఎక్కడ ఫలిస్తుంది, ఎక్కడ ఫలించదు

వానాకాలం మొదలవుతూనే సోయాచిక్కుడు రైతును వేధించే మొదటి సందేహం విత్తనం గురించినదే. సంచిలో ఉన్న గింజ మొలుస్తుందా, మొలిచినా నిలబడుతుందా అన్న ఈ సందేహానికి కారణం లేకపోలేదు. దేశంలో అమలులో ఉన్న విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం గోధుమ, శనగ విత్తనాలకు కనీసం 85 శాతం, వరి విత్తనానికి 80 శాతం మొలక ఉండాలి. సోయాచిక్కుడుకు ఆ ప్రమాణం 70 శాతం మాత్రమే. అంటే వంద గింజల్లో ముప్పై మొలవకపోయినా అది చట్టరీత్యా ధ్రువీకృత విత్తనమే. ఈ సడలింపు ఉదారతతో ఇచ్చినది కాదు. సోయా గింజ ఎంత సున్నితమైనదో ప్రమాణాలు రూపొందించినవారికి తెలుసు.

ఆ సున్నితత్వం ఎంతటి నష్టానికి దారితీస్తుందో 2020 వానాకాలంలో మహారాష్ట్ర చూసింది. అంతకు ముందు ఏడాది అక్టోబరు, నవంబరు నెలల్లో కోత వేళకు కురిసిన అకాల వర్షాలకు విత్తన పంట తడిసింది. ఆ విత్తనాన్నే మరుసటి జూన్‌లో నాటగా మరాఠ్వాడా, విదర్భ ప్రాంతాల్లో మొలక రాలేదంటూ వేల సంఖ్యలో ఫిర్యాదులు వచ్చాయి. బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఈ అంశాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. విత్తనం కోసం చాలాకాలంగా మధ్యప్రదేశ్, మహారాష్ట్రల వైపు చూసే తెలంగాణకు సైతం ఇది దూరపు వార్త కాదు. ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి, సంగారెడ్డి జిల్లాల్లో సోయా ప్రధాన వానాకాలపు పంటల్లో ఒకటి.

విత్తన నాణ్యత చెడటానికి వానను, నూర్పిడి యంత్రాన్ని, గోదామును కారణాలుగా చూపడం వాడుక. అవి నిజమైన కారణాలే. అయితే గింజ ఆ మూడింటిని ఎదుర్కొనే శక్తి అంతకు ముందే, అది కాయలో ఊరే రోజుల్లోనే నిర్ణయమవుతుంది. ఆ దశలో మొక్కకు అందే పోషకాల్లో అతి తక్కువగా చర్చకు వచ్చేది పొటాషియం.

గింజతో తరలిపోయే పొటాష్

ఎరువుల శాస్త్రంలో పొటాషియాన్ని దాని ఆక్సైడ్ రూపంలో లెక్కించి ‘పొటాష్’ అని వ్యవహరిస్తారు. ఈ లెక్కన ఒక టన్ను సోయా గింజలు పొలం నుంచి సుమారు 20 కిలోల పొటాష్‌ను తీసుకుపోతాయి. ఒక టన్ను గోధుమ గింజలు తీసుకుపోయేది 5 కిలోల పైచిలుకు మాత్రమే. వరి ధాన్యంలో అంతకన్నా తక్కువే. వరి, గోధుమ వంటి పంటల్లో మొక్క పీల్చిన పొటాషియంలో అత్యధిక భాగం గడ్డిలోనే మిగిలిపోతుంది. గడ్డి పొలానికి తిరిగి చేరితే పొటాషియం కూడా చేరినట్లే. సోయాలో పరిస్థితి వేరు. కోతనాటికి మొక్కలో ఉన్న పొటాషియంలో ఇంచుమించు సగం గింజలోనే ఉంటుంది. గింజ బండి ఎక్కిందంటే ఆ పోషకం పొలానికి శాశ్వతంగా దూరమైనట్లే.

ఎకరాకు ఎనిమిది క్వింటాళ్ల దిగుబడి వచ్చిందనుకుంటే గింజలతో వెళ్లిపోయే పొటాష్ 16 కిలోలు. తెలంగాణలో సోయాచిక్కుడుకు సిఫారసు చేసే పొటాష్ మోతాదు కూడా ఎకరాకు 16 కిలోలే. ఇండోర్‌లోని జాతీయ సోయాబీన్ పరిశోధన సంస్థ మధ్య భారతానికి హెక్టారుకు 25 కిలోల నత్రజని, 60 కిలోల భాస్వరం, 40 కిలోల పొటాష్, 20 కిలోల గంధకం సూచిస్తుంది. ఎకరాలోకి మార్చినా లెక్క అదే. అంటే సిఫారసు మోతాదు పూర్తిగా వేసిన రైతు సైతం గింజతో వెళ్లినదాన్ని మాత్రమే తిరిగి ఇస్తున్నాడు. పశువుల మేతకో, వంటచెరకుకో పొలం దాటే కట్టెలోని పొటాష్ ఈ లెక్కలోకి రానేలేదు.

నిజానికి ఆ సిఫారసు వేసే రైతులు కూడా తక్కువే. అందుకు డీఏపీ సంచి ఒక ముఖ్య కారణం. 50 కిలోల డీఏపీ సంచిలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. ఎకరా సోయాకు సిఫారసు చేసిన 12 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరానికి ఇది చాలా దగ్గర. ఒక్క సంచితో పని పూర్తయిందన్న భావన రైతుకు కలగడం సహజం. ఆ సంచిలో పొటాష్ లేదు, గంధకమూ లేదు. తొలి ఏళ్లలో పైరు ఏపుగానే పెరుగుతుంది కాబట్టి లోటు కంటికి కనిపించదు.

గింజలోని పొటాషియం చివరకు ఎక్కడికి చేరుతుందన్నదీ ఆసక్తికరమే. నూనె తీసినప్పుడు అది నూనెలోకి పోదు, పిండిలోనే ఉంటుంది. ఆ పిండి కోళ్ల దాణాగా మారుతుంది, కొంత విదేశాలకు ఎగుమతి అవుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కోళ్ల ఫారాల్లో పోగుపడే ఎరువులో ఉన్న పొటాషియంలో మాళ్వా, మరాఠ్వాడా నల్లరేగళ్ల వాటా కూడా కొంత ఉంటుంది. ఆ ఎరువు మళ్లీ సోయా పొలానికి చేరడం మాత్రం అరుదు.

మొక్క లోపల జరిగేది

నత్రజని మాంసకృత్తుల్లో, భాస్వరం కణకేంద్రకంలో ఇమిడిపోయినట్లుగా పొటాషియం ఏ కణజాల నిర్మాణంలోనూ భాగం కాదు. అది కణరసంలో అయాన్ రూపంలో తిరుగుతూ పని చేయిస్తుంది. 60కి పైగా ఎంజైములు చురుకుగా ఉండటానికి ఇది అవసరం. పత్రరంధ్రాలు తెరుచుకుని మూసుకునేది దీని కదలికతోనే. ఆకులో తయారైన చక్కెరను నాళాల్లోకి ఎక్కించి కాయవైపు, వేరువైపు నడిపించడంలో దీని పాత్ర విత్తన నాణ్యతకు అన్నిటికంటే ముఖ్యమైనది.

సోయా వేరు బుడిపెల్లోని బ్రాడీరైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థిరీకరించడానికి శక్తి కావాలి. ఆ శక్తి ఆకు నుంచి వచ్చే చక్కెర. పొటాషియం కొరత ఏర్పడితే చక్కెర ఆకులోనే నిలిచిపోతుంది, బుడిపెలు బలహీనపడతాయి, ఆపై గింజకు అందవలసిన నత్రజని కూడా తగ్గుతుంది. దాదాపు 40 శాతం మాంసకృత్తులు, 20 శాతం నూనె నింపుకోవలసిన గింజకు ఇది రెండు వైపులా దెబ్బ. ఫలితంగా కాయలో మూడో గింజ తాలుగా మారుతుంది. నిండిన గింజ సైతం చిన్నదిగా, ముడతలు పడి ఉంటుంది.

మొక్క తనకు కావలసిన పొటాషియంలో అధిక భాగాన్ని గింజ కట్టడానికి ముందే పీల్చుకుంటుంది. ఆ తర్వాత ఆకుల నుంచి, కాండం నుంచి గింజకు తరలిస్తుంది. అందుకే కొరత లక్షణాలు రెండు రకాలుగా కనిపిస్తాయి. పైరు లేతగా ఉన్నప్పుడు కింది ఆకుల అంచులు పసుపుపచ్చగా మారి, ఎండి, చిరుగుతాయి. అధిక దిగుబడి రకాల్లో గింజ ఊరే దశలో పై ఆకుల్లోనే ఈ పసుపు రంగు కనిపించడం కద్దు. కాయలు ఆకుల్లోని నిల్వను వేగంగా లాగేసుకోవడం దీనికి కారణం. పంట పండుతోందని రైతు పొరబడే సందర్భం ఇదే. పండే పంటలో ఆకంతా ఒకే తీరుగా పసుపుబారుతుంది. కొరత ఉన్నప్పుడు మధ్య ఈనె చుట్టూ పచ్చదనం మిగిలి, అంచులు మాత్రం మాడుతాయి.

బూజు పట్టిన గింజ

సోయా గింజ నిర్మాణమే దానికి శత్రువు. పైపొర చాలా పలుచన. మొలకగా మారవలసిన అంకుర భాగం ఆ పొర కిందే, దాదాపు బయటికి ఆనుకుని ఉంటుంది. చిన్న దెబ్బ తగిలినా, సన్నని పగులు ఏర్పడినా అంకురం దెబ్బతింటుంది, శిలీంధ్రానికి దారి దొరుకుతుంది.

విత్తన కుళ్లు కలిగించే ఫోమాప్సిస్, కాయమచ్చకు కారణమైన కొలెటోట్రైకం వంటి శిలీంధ్రాలు పైరు పచ్చగా ఉన్నప్పుడే కాయలోకి చేరి, లక్షణాలు చూపకుండా ఉండిపోగలవు. కాయ ముదిరే వేళ తేమ, వెచ్చదనం తోడైతే గింజలోకి వ్యాపిస్తాయి. అప్పుడు గింజ తెల్లని బూజుతో సుద్దముక్కలా, పగుళ్లతో కనిపిస్తుంది. కొన్ని గింజలు పైకి బాగానే కనిపించి, నేలలో పడ్డాక కుళ్లిపోతాయి.

ఈ తెగుళ్లకూ పొటాషియానికీ ఉన్న సంబంధాన్ని 1970, 80 దశకాల్లో అమెరికాలోని డెలావేర్, ఒహాయో తదితర రాష్ట్రాల్లో పరిశోధకులు పరిశీలించారు. పొటాషియం బాగా తక్కువగా ఉన్న నేలల్లో పండిన గింజల్లో బూజు ఎక్కువగా ఉండటం, పొటాష్ వేసినచోట అది తగ్గడం ఈ పరిశోధనల్లో పదే పదే కనిపించిన అంశం. కారణం కూడా ఊహకు అందనిది కాదు. కొరత ఉన్న కణజాలంలో చక్కెరలు, విడి అమైనో ఆమ్లాలు పోగుపడతాయి. శిలీంధ్రానికీ, రసం పీల్చే పురుగుకూ అది సిద్ధంగా వడ్డించిన విస్తరి. కణ గోడలు కూడా పలుచబడతాయి. పొటాషియం తక్కువైన సోయా పైరుపై పేనుబంక వేగంగా పెరుగుతుందని అమెరికా ఉత్తర మధ్య రాష్ట్రాల్లోని అధ్యయనాలు సైతం చూపాయి.

అయితే ఫలితాలు అన్ని చోట్లా ఒకే తీరుగా లేవన్నది కూడా అంతే ముఖ్యం. నేలలో పొటాషియం చాలినంత ఉన్నచోట అదనపు పొటాష్ వల్ల బూజు తగ్గలేదు. కోత ఆలస్యమై పంట వానలో నానితే, పొటాష్ ఎంత వేసినా గింజ చెడింది. వేరుగా చెప్పాలంటే పొటాష్ శిలీంధ్రనాశిని కాదు. లోటు వల్ల కలిగే బలహీనతను తొలగిస్తుంది, అంతకు మించి చేయదు. కొన్ని దుకాణాల్లో ‘గింజ మెరుపు’ కోసమంటూ అమ్మే పొటాష్ ఉత్పత్తులను ఈ దృష్టితోనే చూడాలి.

పచ్చగానే నిలిచిపోయే కాండం

పొటాషియం కొరతలో అంతగా గుర్తింపు పొందని మరో సమస్య కాండం ఎండకపోవడం. కాయలు సరిగా నిలవనప్పుడు, గింజలు నిండనప్పుడు ఆకులోని ఆహారానికి వెళ్లే చోటు ఉండదు. దాంతో కాయలు పండినా కాండం, కొన్ని ఆకులు పచ్చగానే మిగిలిపోతాయి. బ్రెజిల్ సోయా పొలాల్లో ఈ లక్షణాన్ని పొటాషియం కొరతతో ముడిపెట్టి చాలాకాలంగా గమనిస్తున్నారు. నల్లుల వంటి పురుగులు కాయను పీల్చినా ఇదే జరుగుతుంది కనుక పచ్చని కాండం కనిపించిన ప్రతిచోటా పొటాషియం లోటే ఉందని చెప్పలేము.

విత్తన పంటకు ఇది పెద్ద చిక్కు. కాండం ఎండేదాకా ఆగితే పండిన కాయలు మంచుకు, వానకు తడిసి ఆరుతూ గింజ పైపొర ముడతలు పడుతుంది. ఆగకుండా కోస్తే పచ్చి కాండంలోని తేమ కుప్పలో గింజకు పడుతుంది, నూర్పిడిలో గింజ నలుగుతుంది. పొలమంతా ఒకేసారి పండటం విత్తన నాణ్యతకు మొదటి మెట్టు. ఆ సమానత పోషకాల సమతుల్యంతోనే వస్తుంది.

నూనె, మాంసకృత్తులు, ఐసోఫ్లేవోన్లు

నాణ్యత అన్న మాటకు విత్తన వ్యాపారికి ఒక అర్థం, నూనె మిల్లుకు మరో అర్థం. పొటాష్ వేసినప్పుడు లోటు ఉన్న నేలల్లో నూనె శాతం కొద్దిగా పెరగడం, మాంసకృత్తుల శాతం కొద్దిగా తగ్గడం లేదా మారకపోవడం అనేక ప్రయోగాల్లో కనిపించిన ధోరణి. దిగుబడి పెరిగిన కారణంగా ఎకరాకు వచ్చే మొత్తం మాంసకృత్తులు మాత్రం పెరుగుతాయి. ఈ మార్పులు చిన్నవి. రకం, గింజ ఊరే రోజుల్లోని ఉష్ణోగ్రత చూపే ప్రభావంతో పోలిస్తే తక్కువే. దేశంలోని మార్కెట్ యార్డుల్లో సోయాకు ధర నిర్ణయించేది ప్రధానంగా తేమ, చెత్త, దెబ్బతిన్న గింజల శాతం. నూనె ఒక శాతం పెరిగినందుకు రైతుకు విడిగా దక్కేది లేదు.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ప్రస్తావించదగినది. పొటాషియం తక్కువగా ఉన్న నేలల్లో పొటాష్ వేసినప్పుడు గింజలోని ఐసోఫ్లేవోన్లు పెరిగాయని అందులో వెల్లడైంది. ఆరోగ్య ఆహార పరిశ్రమ విలువనిచ్చే పదార్థాలివి. పొటాషియం సమృద్ధిగా ఉన్న నేలల్లో ఆ ప్రభావం అంత స్పష్టంగా లేకపోవడం ఇక్కడ కూడా గమనించవచ్చు.

నల్లరేగడిలో నిల్వ ఎంత, అందేది ఎంత

భారతదేశంలో సోయా అధికంగా పండేది నల్లరేగడిలో. ఈ నేలల్లో పొటాషియం పుష్కలమని, ఎరువు అక్కరలేదని చాలాకాలం భావించారు. భూసార పరీక్ష పత్రాల్లో ‘అధికం’ అన్న మాటే ఎక్కువగా కనిపిస్తుంది. హెక్టారుకు లభ్య పొటాషియం 280 కిలోలు మించితే అధికంగా పరిగణించడం దేశంలో సాధారణ పద్ధతి.

చిక్కు ఏమిటంటే ఎర్రచలకకూ నల్లరేగడికీ ఇదే గీత వర్తింపజేస్తున్నారు. రేగడిలో బంకమట్టి ఎక్కువ. అది పొటాషియాన్ని తన పొరల మధ్య గట్టిగా పట్టుకుంటుంది. పరీక్షలో తేలిన నిల్వ ఒకటే అయినా, వేరుకు అందే నేలనీటిలోని గాఢత రేగడిలో తక్కువగా ఉండవచ్చు. అందువల్ల బంకమన్ను అధికంగా ఉన్న నేలలకు హెచ్చు పరిమితి పాటించాలని భూసార శాస్త్రవేత్తలు వాదిస్తున్నారు. నేల ఎండినప్పుడు పొరలు మూసుకుని పొటాషియం మరింత బిగుసుకుపోతుంది. గింజ ఊరే ఆగస్టు చివర, సెప్టెంబరు నెలల్లో వాన విరామం వస్తే సమృద్ధి ఉన్న నేలలోనూ మొక్కకు కొరత కలగడానికి ఇదీ ఒక కారణమే. తేమ లేని నేలలో పొటాషియం వేరు దాకా కదలలేదు.

మరో వైపు నిల్వ కరిగిపోతోంది. జబల్‌పూర్, రాంచీలలో 1972 నుంచి సోయా–గోధుమ పంటల క్రమంలో దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు సాగుతున్నాయి. దేశంలోని ఇటువంటి ప్రయోగాల్లో నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ వేసిన మళ్లలో కూడా పొటాషియం జమ కన్నా ఖర్చే ఎక్కువగా తేలుతోంది. పంట ఆగిపోకపోవడానికి కారణం నేల తన ఖనిజాల్లోని నిల్వను క్రమంగా వదలడమే. ఆ నిల్వ ఏటా పరీక్ష పత్రంలో కనిపించే అంకె కాదు.

తేలికపాటి ఎర్రనేలలు, ఇసుక పాలు హెచ్చుగా ఉన్న చలకల్లో పరిస్థితి సూటిగానే ఉంటుంది. నిల్వ తక్కువ, పొటాష్‌కు స్పందన త్వరగా కనిపిస్తుంది. తెలంగాణ ఉత్తర జిల్లాల్లో ఒకే గ్రామంలో రెండు రకాల నేలలూ ఉంటాయి కనుక పక్క పొలం చూసి ఎరువు నిర్ణయించుకోవడం సరికాదు. కోత అనంతరం, మళ్లీ దున్నేలోపు, ఏటా ఒకే కాలంలో మట్టి నమూనా తీయిస్తే అంకెలను పోల్చుకోవచ్చు. రాలిన ఆకుల్లోని, కట్టెలోని పొటాషియం వానకు సులభంగా కరిగి నేలలోకి దిగుతుంది కాబట్టి వాన ముందు తీసిన నమూనాకూ, తర్వాత తీసినదానికీ తేడా ఉంటుంది.

ఎంత, ఎప్పుడు, ఎలా

పొటాష్ ఎరువుల్లో అందుబాటులో ఉన్నది, చవకైనది మ్యూరేట్ ఆఫ్ పొటాష్. ఇందులో 60 శాతం పొటాష్ ఉంటుంది. ఎకరాకు 16 కిలోల పొటాష్ కావాలంటే సుమారు 27 కిలోల ఎరువు చాలు. దీన్ని విత్తే ముందు ఆఖరి దుక్కిలో వేయాలి. విత్తనంతో కలిపి, విత్తనానికి తగిలేలా వేయకూడదు. ఇది లవణం. సోయా మొలక లవణానికి తట్టుకోలేదు. తేమ తక్కువగా ఉన్నప్పుడు విత్తనం పక్కనే పడిన ఎరువు మొలకను మాడ్చేస్తుంది. నాణ్యత కోసం వేసినదే మొలకను చంపిన సందర్భాలు ఇలాంటి తొందరపాటువే. గొర్రుతో వేసేవారు విత్తనానికి కొద్దిగా పక్కగా, లోతుగా పడేలా చూసుకోవాలి.

డీఏపీకి బదులు 12:32:16 మిశ్రమ ఎరువు ఎంచుకునే రైతుకు లెక్క సులభం. ఒకటిన్నర సంచి, అంటే 75 కిలోలు వేస్తే 9 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 12 కిలోల పొటాష్ అందుతాయి. మిగిలిన 4 కిలోల పొటాష్‌కు 7 కిలోల మ్యూరేట్, 3 కిలోల నత్రజనికి ఆరున్నర కిలోల యూరియా సరిపోతాయి. గంధకానికి వేరే ఏర్పాటు కావాలి. భాస్వరాన్ని సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలో ఇస్తే గంధకం దానితోనే వస్తుంది. చెరకు మొలాసిస్ నుంచి తయారై 14.5 శాతం పొటాష్ ఉండే దేశీయ ఎరువుకు 2021 నుంచి కేంద్రం పోషక ఆధారిత సబ్సిడీ వర్తింపజేస్తోంది.

పైరు కాయ దశలో ఉండగా 13:0:45 ఎరువును లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున పిచికారీ చేయడం వాడుకలోకి వచ్చింది. వాన విరామంలో వేరు పొటాషియాన్ని తీసుకోలేనప్పుడు ఇది కొంత ఊరట. కానీ ఎకరాకు 200 లీటర్ల నీటితో పిచికారీ చేస్తే వెళ్లే ఎరువు 2 కిలోలు, అందులోని పొటాష్ 900 గ్రాములు. పొలం కోల్పోయే 16 కిలోల పక్కన ఇది ఎంత? దుక్కిలో వేయవలసినదానికి పిచికారీ ప్రత్యామ్నాయం కాదు.

పొటాష్ మితిమీరినా ఇబ్బందే. అది కాల్షియం, మెగ్నీషియం గ్రహణానికి అడ్డుపడుతుంది. గింజ పైపొర గట్టిదనానికి కాల్షియం అవసరం. మ్యూరేట్‌లోని క్లోరైడ్‌ను తట్టుకోలేని సోయా రకాలు కూడా ఉన్నాయి. పరీక్షలో నిల్వ నిజంగా హెచ్చుగా తేలిన పొలంలో గింజతో వెళ్లినంత మాత్రం తిరిగి ఇస్తే చాలు.

ధర అడ్డుపడుతోందా

మన దేశంలో చెప్పుకోదగిన పొటాష్ గనులు లేవు. మ్యూరేట్ అవసరమంతా కెనడా, రష్యా, బెలారస్, ఇజ్రాయెల్, జోర్డాన్ వంటి దేశాల నుంచి దిగుమతితోనే తీరుతోంది. 2010 ఏప్రిల్ 1న పోషక ఆధారిత సబ్సిడీ విధానం అమలులోకి రాక ముందు టన్ను మ్యూరేట్ గరిష్ఠ ధర 4,455 రూపాయలు. విధానం మారాక యూరియా ధర ప్రభుత్వ నియంత్రణలోనే ఉండిపోగా పొటాష్ ధర అంతర్జాతీయ విపణిని అనుసరించింది. 2022లో 50 కిలోల సంచి 1,700 రూపాయలకు చేరింది. ఖర్చు తగ్గించుకోవాలనుకున్న రైతు ముందుగా మానేది దేన్నో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ ఎత్తు ధరనే లెక్కకు తీసుకున్నా, ఎకరాకు కావలసిన 27 కిలోల ఖర్చు 900 రూపాయల పైచిలుకు. 2025-26కు కేంద్రం ప్రకటించిన సోయా కనీస మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయల ప్రకారం అది 17 కిలోల గింజల విలువ. లోటు ఉన్న నేలలో ఈ ఖర్చు తిరిగి రావడం కష్టం కాదు. విత్తనం సొంతంగా నిల్వ చేసుకునే రైతుకు లాభం మరో రూపంలోనూ ఉంది. మొలక శాతం పడిపోతే ఎకరాకు వేయవలసిన విత్తనం పెరుగుతుంది, లేదా జూన్‌లో దుకాణం ముందు నిలబడక తప్పదు. మద్దతు ధర దక్కని ఏడాది మాత్రం ఈ లెక్క బిగుసుకుంటుంది. అప్పుడు పొటాష్ మొత్తం పొలానికి కాక, విత్తనానికి కేటాయించిన అరెకరానికో ఎకరానికో పరిమితం చేయడం తెలివైన పని.

విత్తనపు మడిలో

విత్తనానికి విడిచిన మడిలో పొటాష్ వేసినంతలో పని పూర్తికాదు. పండగానే కోయాలి. ఆరిన పంటను కుప్పలో నానబెట్టరాదు. నూర్పిడి యంత్రాన్ని నిమిషానికి 350–400 చుట్ల వేగానికి తగ్గించాలని, గింజలో తేమ 13–14 శాతం ఉన్నప్పుడు నూర్చాలని సోయా శాస్త్రవేత్తలు సూచిస్తారు. మరీ ఎండిన గింజ పగులుతుంది, మరీ తడిగింజ నలుగుతుంది. నిల్వకు ముందు తేమ 12 శాతం లోపుకు రావాలి. సంచులను ఎత్తు నుంచి విసరకూడదు. నాలుగైదు వరుసలకు మించి పేర్చకూడదు. లావు గింజ రకాలు ఈ దెబ్బలకు మరింత లోనవుతాయి. పొటాష్ వల్ల గింజ బరువు పెరగడం వేరు, రకం స్వభావం వల్ల గింజ లావుగా ఉండటం వేరు. మొదటిది నిండుదనం, రెండోది నిల్వలో త్వరగా మొలక కోల్పోయే లక్షణం కూడా కావచ్చు. చిన్న గింజ రకమైన జేఎస్ 335 దశాబ్దాలపాటు రైతుల చేతుల్లో నిలవడానికి అనేక కారణాలు ఉన్నా, విత్తనం నిల్వకు ఆగడం వాటిలో ఒకటి.

2020 అనుభవం తర్వాత మహారాష్ట్ర వ్యవసాయ శాఖ వేసవిలో సోయా విత్తనోత్పత్తిని ప్రోత్సహించింది. వేసవి పంట కోతకు వాన భయం తక్కువ. నీటి వసతి ఉన్నచోట ఇది పొటాష్ ఒక్కటే ఇవ్వలేని రక్షణ.

విత్తన ప్రయోగశాలల్లో వాడే ఒక పరీక్ష ఇక్కడ అపార్థానికి దారితీయవచ్చు. గింజలను శుభ్రమైన నీటిలో నానబెట్టి, ఆ నీటిలోకి ఎంత పొటాషియం కారిందో కొలుస్తారు. ఎక్కువ కారితే విత్తనం నాసిరకం. గింజలో పొటాషియం ఎక్కువ ఉండటం చెడ్డదని దీని అర్థం కాదు. గింజ కణాల పొరలు చితికిపోయి, లోపలిది లోపల నిలుపుకోలేకపోతోందని అర్థం. గట్టి గింజ అంతే పొటాషియం ఉన్నా నీటికి వదలదు.

రైతు ఇంటి వద్ద చేసుకునే పరీక్ష ఇంకా సులభం. మే నెలలో నిల్వ సంచి పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి తీసిన గింజలు కలిపి, ఏరకుండా వంద లెక్కపెట్టి, తడిపిన గోనెపట్టాలో వరుసగా పేర్చి చుట్టి నీడలో ఉంచాలి. ఆరేడు రోజులు తడి ఆరకుండా చూసుకుని విప్పితే నిటారుగా, పూర్తి వేరుతో వచ్చిన మొలకలే లెక్కలోకి వస్తాయి. బూజు పట్టినవి, వంకరపోయినవి, ఆకు చీలినవి విడిగా తీసి పెట్టాలి. డెబ్బై వస్తే మామూలు మోతాదులో వేయవచ్చు. అరవై వస్తే విత్తనం ఆ మేరకు పెంచాలి. అంతకన్నా తక్కువైతే ఆ సంచిని నూనె మిల్లుకు అమ్మి, వేరే విత్తనం చూసుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది. విడిగా పెట్టినవాటిలో బూజు పట్టినవే ఎక్కువగా ఉంటే ఆ మడి భూసార పత్రంలో పొటాషియం గడిని ఒకసారి చూసుకోవడం మంచిది.